భయానక సాహిత్యం – పాఠకుని వివేచన

మానవునికి సహజమైన భావాలలో భయం అతి ప్రాచీనమైనది. మన ఆలంకారికులు దానిని విస్మరించలేదు. భరతముని నాట్యశాస్త్రంలో పేర్కొన్న ఎనిమిది రసాలలో భయానకం ఒకటి. దానికి స్థాయీభావం భయం, వర్ణం నలుపు, అధిదేవత కాలుడు. అయితే శృంగార, వీర, కరుణ రసాలకు లభించిన ఆదరం ఈ రసానికి లభించలేదు. దయ్యాల కథలు చదవడం కేవలం కాలక్షేపమనీ, కాలహరణమనీ భావించే పెద్దలు నేటికీ ఉన్నారు. వారు కాదన్నా యువపాఠకులు ఆ పుస్తకాలను వెదుక్కుంటూనే ఉన్నారు. కనుక వాటిని చదవవచ్చునా, కూడదా అనే చర్చ కంటే, తొలిసారి చదివేవారు ఏ పుస్తకాన్ని ఎంచుకోవాలి అనే చర్చయే ప్రయోజనకరమని నా అభిప్రాయం.

బొగ్గుగనుల ప్రాంతంలో ఈ చర్చకు మరింత బరువు ఉన్నది. రామగుండం, గోదావరిఖని పరిసరాలలో భయం కేవలం ఊహాజనితం కాదు. బాయిలోకి దిగిన మనిషి షిఫ్టు ముగించుకొని తిరిగి వచ్చేవరకు ఇంటిల్లిపాది మనస్సులో ఏదో ఒక మూల అది మెదలుతూనే ఉంటుంది. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు చొచ్చుకొని వచ్చి 17 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. నిజమైన భయంతో సహవాసం చేసేవారికి కల్పితమైన భయం కూడా అవసరమా? ఈ ప్రశ్నను తేలికగా తోసివేయరాదు.

దీనికి సమాధానం అలంకారశాస్త్రంలోనే ఉన్నది. కాశ్మీర పండితుడైన అభినవగుప్తుడు రసానుభవాన్ని వివరిస్తూ, శాకుంతల నాటకం ప్రథమాంకంలో దుష్యంతుని బాణానికి బెదరి పరుగెత్తే లేడిని ఉదాహరణగా తీసుకున్నాడు. ఆ లేడిని చూస్తున్నప్పుడు మనం భయాన్ని అనుభవిస్తాం. కాని లేచి పారిపోము. ఆ భయం ఇక ఆ ఒక్క లేడిదీ కాదు, చూస్తున్న ఒక్క ప్రేక్షకునిదీ కాదు. అందువల్లనే అది ఆస్వాదయోగ్యమవుతున్నది. లౌకికమైన భయం మనిషిని పరుగెత్తిస్తుంది. రసంగా మారిన భయం అతనిని నిలిపి, తన భయాన్ని తానే పరిశీలించుకొనే అవకాశం కల్పిస్తుంది. నిత్యజీవితంలో భయాన్ని మోసేవారికి ఆ అవకాశం అక్కరలేదని ఎలా అనగలం?

అయితే భయపెట్టే ప్రతి రచనా ఈ మేలు చేయదు. భయానికి రెండు దారులున్నాయి. ఒకటి ప్రశ్నకు దారితీస్తుంది, మరొకటి నిందకు దారితీస్తుంది. పూర్వం జర్మనీలోని గనికార్మికులు ఒక ఖనిజాన్ని కరిగించబోతే వెండికి బదులు విషపు పొగలు వెలువడేవి. అది 'కోబోల్డ్' అనే గనిభూతం చేసే చేష్ట అని వారు నమ్మారు. ఆ పొగలకు అసలు కారణం ఖనిజంలోని ఆర్సెనిక్. స్వీడన్ శాస్త్రవేత్త జార్జ్ బ్రాంట్ 1730వ దశకంలో ఆ ఖనిజాన్ని పరిశోధించి ఒక కొత్త లోహాన్ని కనుగొన్నాడు. భూతం పేరే ఆ లోహానికి నిలిచి 'కోబాల్టు' అయినది. ఇది భయం ప్రశ్నగా మారిన సందర్భం.

భయం నిందగా మారిన సందర్భాలు మన చుట్టుపక్కలనే ఉన్నాయి. బాణామతి, చేతబడి చేస్తున్నారనే అనుమానంతో అమాయకులను హింసించి చంపిన ఉదంతాలు తెలంగాణ పల్లెలలో జరిగాయి. జాతీయ నేర నమోదు సంస్థ నివేదికలలో హత్యలకు గల కారణాల పట్టికలో మంత్రవిద్యకు ఒక ప్రత్యేక స్థానం ఉండవలసి రావడం దేశానికే విచారకరం. కనుక పుస్తకాన్ని ఎంచుకొనేవారికి నేను సూచించే కొలమానం ఒక్కటే. పుస్తకం మూసిన తరువాత మన అనుమానం ఎవరి మీదికి మళ్ళుతున్నది? పక్కింటి వృద్ధురాలి మీదికి, ఊరి చివర ఒంటరిగా బ్రతికే మనిషి మీదికి మళ్ళితే ఆ పుస్తకం తొలి పఠనానికి తగదు. మనిషిలోని దురాశ, క్రౌర్యం, అజ్ఞానం మీదికి మళ్ళితే అది తగిన పుస్తకం.

ఈ కొలమానానికి నిలిచే తొలి గ్రంథం మన బేతాళ కథలే. పదకొండవ శతాబ్దంలో సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరంలో ఈ కథలు గోదావరీతీరంలోని ప్రతిష్ఠానపురంలో ప్రారంభమవుతాయి. నేటి మహారాష్ట్రలోని పైఠన్ పట్టణమే ఆ నగరం. ఖని పక్కగా సాగిపోయే నదికి ఎగువనే ఈ కథలకు జన్మస్థానం ఉన్నదన్నమాట. చందమామ మాసపత్రిక దశాబ్దాల తరబడి ఈ కథల బాణీని తెలుగు పిల్లలకు అందించినది. శ్మశానం, అర్ధరాత్రి, భుజంపై శవం, ఆ శవంలో మాట్లాడే బేతాళుడు – భయానికి కావలసిన సామగ్రి అంతా ఇందులో ఉన్నది. కాని బేతాళుడు ప్రతి కథ చివరా ప్రశ్న అడుగుతాడు. చివరకు రాజును బలి ఇవ్వదలచినవాడు బేతాళుడు కాదని, సాధువేషంలో వచ్చిన భిక్షువని తేలుతుంది. రాజును హెచ్చరించి కాపాడినవాడు బేతాళుడే. దయ్యాన్ని చూసి భయపడిన పాఠకుడు చివరకు మోసాన్ని చూసి భయపడడం నేర్చుకుంటాడు.

తిక్కన సోమయాజి తెనిగించిన సౌప్తిక పర్వాన్ని కూడా ఈ దృష్టితో చదవవచ్చు. చీకటిలో మఱ్ఱిచెట్టుపై నిద్రిస్తున్న కాకులను ఒక గుడ్లగూబ చంపుతుంది. అది చూసిన అశ్వత్థామ నిద్రిస్తున్న శత్రువులను సంహరించడానికి పూనుకుంటాడు. అక్కడ మనలను వణికించేది ఆ పక్షి కాదు, దానిని గురువుగా స్వీకరించిన మానవుని మనస్సు.

తరువాత విదేశీయ కథానికలను చేపట్టవచ్చు. డబ్ల్యు. డబ్ల్యు. జేకబ్స్ 1902లో ప్రచురించిన 'ది మంకీస్ పా' కథలో ఒక వృద్ధుడు మంత్రించిన కోతి చేతిని పట్టుకొని రెండువందల పౌండ్లు కోరుకుంటాడు. మరునాడు అతని కుమారుడు కర్మాగారంలో యంత్రాలలో చిక్కుకొని మరణిస్తాడు. యాజమాన్యం ఇచ్చిన పరిహారం సరిగ్గా రెండువందల పౌండ్లు! ప్రాణానికి పరిహారంగా డబ్బు ఇంటికి రావడం ఎటువంటిదో ఎరిగిన కార్మికవాడల పాఠకునికి ఈ కథను ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. చార్లెస్ డికెన్స్ 1866లో రాసిన 'ది సిగ్నల్ మ్యాన్' సొరంగం ముఖద్వారం వద్ద ఒంటరిగా పనిచేసే రైల్వే ఉద్యోగి కథ. రాబోయే ప్రమాదం తెలిసి కూడా దానిని ఆపలేని ఉద్యోగి వేదనయే అందులోని అసలైన భయం. ఇవి చిన్న కథలు. ఒక్క కూర్చుండులో ముగుస్తాయి. నవలలకు అలవాటు పడని పాఠకునికి ఇది అనుకూలం.

నవలల విషయానికి వస్తే, మేరీ షెల్లీ 1818లో ప్రచురించిన 'ఫ్రాంకెన్‌స్టైన్' ముందుగా చదవదగినది. తాను సృష్టించిన ప్రాణిని తానే విడిచిపెట్టిన శాస్త్రజ్ఞుడు, అందరి తిరస్కారానికి గురియై క్రూరంగా మారిన ఆ ప్రాణి – వీరిలో రాక్షసుడెవరో పాఠకుడే నిర్ణయించుకోవాలి. ఆ తరువాతనే తెలుగు పాఠకలోకాన్ని ఉర్రూతలూగించిన యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' వంటి నవలలు చేపట్టడం మంచిది. ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వెలువడి, ఒక బాలికపై జరిగిన క్షుద్రప్రయోగాన్ని ఉత్కంఠభరితంగా చిత్రించిన ఆ నవల అసంఖ్యాకులకు పఠనాసక్తి కలిగించినది. అదే సమయంలో అటువంటి రచనలు మూఢనమ్మకాలను పెంచుతాయని రంగనాయకమ్మ వంటివారు తీవ్రంగా విమర్శించారు. ఆ నవలను నిషేధించడం నా అభిమతం కాదు. నవలతోపాటు విమర్శనూ చదవగలిగే పరిణతి వచ్చిన తరువాత దానిని చదవమనడమే నా సూచన.

భయానకానికీ బీభత్సానికీ గల భేదాన్ని కూడా పాఠకుడు గుర్తించాలి. బీభత్సానికి స్థాయీభావం జుగుప్స. నెత్తురును, ఛిద్రమైన దేహాలను పుటల కొద్దీ వర్ణించి భయపెట్టామని భావించే రచనలు మనస్సును మొద్దుబారుస్తాయే గాని మేల్కొల్పవు. చదువుతుండగా నిద్రకు, నిత్యకృత్యాలకు భంగం కలిగితే పుస్తకాన్ని పక్కన పెట్టడంలో అవమానం లేదు. ఇటీవలే ఆత్మీయులను కోల్పోయిన ఇంటివారికి ఇటువంటి పుస్తకాన్ని బలవంతంగా అందించడం సంస్కారం కాదు.

గనిలో దీపం లేకుండా అడుగు వేయడం సాహసం అనిపించుకోదు, అవివేకం అనిపించుకుంటుంది. భయానక సాహిత్యం కూడా చీకటిలోకి చేసే ప్రయాణమే. అక్కడికి వెళ్ళవద్దని యువతను వారించడం కంటే, ప్రశ్నించే బుద్ధిని దీపంగా చేతికిచ్చి పంపడమే పెద్దల కర్తవ్యం.