శిశు మస్తిష్కమున వెలుగు

నెలలు నిండక పుట్టిన బిడ్డను ఇంక్యుబేటరులో పరుండబెట్టిన పిమ్మట, గుండె ఎట్లు కొట్టుకొనుచున్నదో, ఊపిరి ఎట్లాడుచున్నదో వైద్యుడు క్షణక్షణము చెప్పగలడు గాని, సర్వావయవములలో సుకుమారమైన మెదడునకు ప్రాణవాయువు చాలినంత అందుచున్నదా యని అడిగినచో, చిరకాలము ఆయనకు ఊహయే శరణ్యమై యుండెను. పాదమునకు చుట్టిన పల్స్ ఆక్సీమీటరు ధమనీ రక్తపు లెక్కను మాత్రమే చెప్పును; ఎమ్మారై యంత్రము కడకు బిడ్డనే మోసికొనిపోవలెను.

అరచేతికి టార్చిలైటు ఆనించినచో వ్రేళ్ళ సందున ఎఱ్ఱని కాంతి కనబడుట ఎల్లరెఱిగినదే. ఆ ఎఱుపునకు ఆవలనున్న, కంటికి కానరాని పరారుణ కిరణములు చర్మమును, ఎముకను దాటి మెదడును చేరునని, ప్రాణవాయువును మోయు రక్తము, దానిని విడిచిన రక్తము వానిని వేర్వేరు పాళ్ళలో పీల్చుకొనుటవలన లోపలి స్థితిని బయటినుండియే గ్రహింపవచ్చునని 1977లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమున ఫ్రాన్స్ యోబ్సిస్ నిరూపించెను. నవజాత శిశువు కపాలము పలుచనిది గనుక ఈ విద్య పెద్దలకంటె పసివారికే మిక్కిలి అనువైనది. సూది లేదు, మత్తు లేదు, ఎక్స్‌రే భయము లేదు. ఇటలీలోని ట్రియెస్టె పరిశోధకులు ఈ కాంతి సాయముననే పుట్టి కొలది దినములైన శిశువులకు మాటలను సక్రమముగను, వెనుకకు త్రిప్పియు వినిపింపగా, సక్రమమైన వాక్కునకే మెదడు ఎడమభాగము అధికముగా స్పందించినదని 2003లో ప్రకటించిరి. పొత్తిళ్ళలోని బిడ్డకేమి తెలియునని పెదవి విఱుచువారు ఈ సంగతి వినదగును.

అయినను, కొలుచుట వేరు, కాపాడుట వేరు. 28 వారములు నిండకమునుపే జన్మించిన 1601 శిశువులపై పలు దేశములలో నడచి, 2023లో ఫలితములు వెలువడిన సేఫ్‌బూస్‌సి అను పరీక్షలో, మెదడునకందు ప్రాణవాయువును ఈ కిరణములతో కొలిచి చూచుచు చికిత్స చేసినవారిలో మరణమో తీవ్రమైన మెదడు గాయమో సంభవించినది నూటికి 35.2 మందికి; మామూలు చికిత్స పొందినవారిలో 34.0 మందికి. కిరణములు అబద్ధమాడినవని దీని తాత్పర్యము కాదు. తెరమీది అంకె తగ్గినపుడు ఏమి చేసిన బిడ్డకు మేలగునో మనకింకను పట్టుబడలేదు. కనుక పరిశోధనాలయములకు ఈ యంత్రములను ఉదారముగా సమకూర్పవలసినదే. జిల్లా ఆసుపత్రుల శిశు వార్డులకు మాత్రము ముందుగా కావలసినవి వెచ్చదనము, తల్లిపాలు, చాలినంత మంది నర్సులు. ఇక డబ్బు తీసికొని ఈ కిరణ పరీక్ష చేయు ఆసుపత్రి, ఇది మెదడును కాపాడునని ఇంకను ఋజువు కాలేదను మాటను, తండ్రిచేత సంతకము పెట్టించుకొనుటకు మునుపే, ఆయనకు తెలిసిన తెలుగులో చెప్పితీరవలెను.