టన్నుల్లో తూచే కర్ర, అడుగుల్లో కొలిచే కలప

ప్రకాశం, నెల్లూరు, ఖమ్మం మెట్ట రైతులకు జామాయిల్ కొత్త కాదు. వానను నమ్ముకోలేక, కూలి ఖర్చులు భరించలేక చాలామందిమి ఈ తోటలు వేశాం. నాలుగేళ్లకు నరికి కాగితం మిల్లుకు తోలడం, మొదళ్లకు వచ్చిన పిలకలను మళ్లీ పెంచడం. మనకు తెలిసిన పద్ధతి ఇదే. కొనే మిల్లులు ఒకటి రెండే కాబట్టి ధర వాళ్లు చెప్పిందే. నరికిన కర్ర ఆరేకొద్దీ తూకం తగ్గుతుంది, బేరమాడే వ్యవధి కూడా మనకు ఉండదు.

అదే రైతు ఇల్లు కట్టుకుంటే బర్మా టేకు, ఆఫ్రికా టేకు, మలేసియా సాల్ కొంటున్నాడు. ఎక్కడివో అడవులు నరికి ఓడల్లో తెచ్చిన కలపకు అడుగుల లెక్కన డబ్బు పోస్తున్నాం. మన చేలో కర్రను మాత్రం టన్నుల లెక్కన వదులుకుంటున్నాం. ఆ అడవులూ తరిగిపోతున్నాయి. 2014 ఏప్రిల్ నుంచి బర్మా దుంగల ఎగుమతిని నిషేధించింది.

జామాయిల్ కోస్తే పగులుతుంది, వంకర పోతుంది అని వడ్రంగులు అంటారు. వాళ్ల మాట అబద్ధం కాదు. నాలుగేళ్ల చెట్టుకు చేవ ఉండదు. పైగా ఈ చెట్టు లోపల బిగువు ఎక్కువ. కోయగానే అది వదిలి చెక్క చీలుతుంది. దీనికి ఉపాయాలున్నాయి. చెట్టును 12 నుంచి 15 ఏళ్లు లావెక్కనివ్వాలి. కోసిన చెక్కల కొసలకు మైనం పూయాలి. మధ్యలో బద్దలు పెట్టి నీడన పేర్చి, పైన బరువుంచి, నిదానంగా ఆరబెట్టాలి. తెల్ల చెక్కకు పురుగు పట్టకుండా బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు పట్టించాలి. అలా చేసిన చెక్క మంచాలకు, బల్లలకు, బీరువాలకు బాగా పనికొస్తుంది. బ్రెజిల్ తోటల జామాయిల్‌ను ‘లిప్టస్’ పేరుతో విదేశాలకు అమ్మారు. బెంగళూరులోని కలప శాస్త్ర సాంకేతిక సంస్థ కూడా దీనిపై పరిశోధన చేసింది.

అయితే 12 ఏళ్లు ఎదురుచూడటం ఎవరి వల్ల అవుతుంది? ఏటా కౌలు కట్టే రైతు వల్ల కాదు. అప్పుకు వడ్డీ కట్టే చిన్న రైతు వల్లా కాదు. అందుకే తోటంతా ఉంచమని మేం చెప్పడం లేదు. వీలున్నవాళ్లు ఒక మూల పావు ఎకరం అట్టే పెట్టి, నిటారు చెట్లు వదిలి మిగతావి పలుచన చేయండి. మాగాణిలో, బోర్ల పక్కన, పక్క రైతు గట్టున కొత్తగా వేయడం మాత్రం వద్దు. ఈ చెట్టు నీళ్లు ఎంత లాగుతుందో మనకు తెలుసు.

మిగతా భారం ప్రభుత్వం మోయాలి. సహకార సంఘాల ద్వారా కోత మిల్లు, కలప ఆరబెట్టే గదులు పెట్టాలి. వాటికి అటవీశాఖ లైసెన్సు సులభంగా ఇవ్వాలి. చెట్టు నరికినప్పుడే తీర్చేలా రుణం ఇవ్వాలి. బడి బల్లలు, హాస్టల్ మంచాలు ఈ కలపతోనే చేయించాలి. అడుగుల లెక్కన కొనే గిరాకీ ఇంకొకటి ఉంటేనే కాగితం మిల్లు కూడా మనతో ధర మాట్లాడుతుంది. ఈ డిమాండ్లను మండల మహాసభల్లో చర్చించి తీర్మానాలు చేసి పంపండి. పావు ఎకరం ఉంచడానికి సిద్ధమైన రైతుల పేర్లు కూడా వాటితో జతచేయండి.