ప్లాంటు మాటల పుట్టుక

ఉక్కు ప్లాంటు కోసం 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు రాజుకున్న ఊరు భిలాయి. ఉత్తరాంధ్ర నుంచి పనికోసం ఇక్కడికి వచ్చిన కుటుంబాల్లోకి ఇంగ్లీషు బడికంటే ముందు ప్లాంటు గేటులోంచే వచ్చింది. బ్లూమ్, బిల్లెట్, స్లాగ్ అనే మాటలు అక్షరం రాని అమ్మమ్మల నోటా ఆడాయి. ఆ మాటల్ని పక్కనపెట్టి, మన పిల్లలచేత ఎక్కడెక్కడివో పదాలు బట్టీ పట్టిస్తున్నాం. ఇది నాకు మింగుడుపడడం లేదు.

రెయిలు సంగతే చూడండి. భిలాయిలో పట్టాలు అతికి 260 మీటర్ల ప్యానెళ్లుగా పంపుతారు. రెయిలు అనే మాటకు మూలం లాటిన్ ‘రెగ్యులా’, అంటే తిన్నని కర్ర. రూలు, రూలరు, రెగ్యులర్ అన్నీ దాని సంతానమే. పిల్లవాడు గీత గీసే రూళ్లకర్రకీ, దల్లీ రాజ్‌హరా నుంచి ఖనిజం తెచ్చే గూడ్సు కింది పట్టాకీ పేరు ఒకే చోట పుట్టింది. బిల్లెట్టు ఫ్రెంచిలో చిన్న కర్రదుంగ. బ్లూమ్ పాత ఇంగ్లీషులో ఇనుపముద్ద.

పిగ్ ఐరన్ అంటే పిల్లలు పకపకా నవ్వుతారు. నవ్వనిచ్చి, అసలు సంగతి చెప్పాలి. పూర్వం కరిగిన ఇనుమును ఇసుకలో తవ్విన పెద్ద కాలవలోకి వదిలేవారు. దానికి పక్కనే వరసగా చిన్న గుంటలుండేవి. పంది పడుకుంటే పిల్లలు బారుగా పాలు తాగుతున్నట్టు కనిపించేది. పెద్ద కాలవకు ‘సో’ అనీ, గుంటల్లో గట్టిపడ్డ దిమ్మలకు ‘పిగ్’ అనీ పేరు అలా వచ్చింది.

ఇంగ్లీషువాళ్లు మన దగ్గర తీసుకున్న మాటా ఉంది: ‘వూట్జ్’. 1795లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో జార్జ్ పియర్సన్ ఈ పేరుతోనే భారతీయ ఉక్కు మీద వ్యాసం రాశాడు. కన్నడ ‘ఉక్కు’ అపభ్రంశమై అలా అచ్చయిందంటారు. తెలుగులోనూ అది ఉక్కే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టిమూసల్లో ఇనుము పెట్టి, మూతమెత్తి, తిత్తులూది ఈ ఉక్కు తీసేవారు. దానికోసం పర్షియా వర్తకులు ఆ ఊరిదాకా వచ్చేవారు.

ఉగాదికి పాటల పోటీలు పెట్టే మన సంఘాలు ఒక పని చెయ్యాలి. నోటుపుస్తకాలిచ్చి పిల్లల్ని రిటైరైన తాతల దగ్గరికి పంపాలి. స్లాగ్ పక్కన చిట్టెం, క్రూసిబుల్ పక్కన మూస రాయించాలి. మొదటి తరంవాళ్లు చాలామంది ఎనభై దాటారు. వచ్చే వేసవి సెలవుల్లోనే ఇది మొదలుకావాలి.