మసి పూసుకోని పాటలు



"నీకు చైనా భాష వస్తదారా? రాదు కదా! మరి ఆ అర్థం కాని పాటలు ఎందుకు వింటవ్?" అని నన్ను అందరూ అడుగుతున్నారు. ఒక్కొక్కరికి జవాబు చెప్పేకంటే గోడ మీద రాస్తే అందరికీ ఒకేసారి చెప్పినట్టు అవుతుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా నేనే ఒకటి అడుగుతాను. 2022లో "కచ్చా బాదం" పాటకు స్టెప్పులు వేయని పిల్లగాడు మన దగ్గర ఉన్నాడా? అది బెంగాలీ పాట. పల్లీలు అమ్ముకునే ఆయన పాడింది. మనలో ఎవరికి బెంగాలీ వచ్చు? కాబట్టి పాట వినడానికి భాష రావాలనే రూలు లేదు. కానీ ఇష్టపడ్డవాడు ఎందుకు ఇష్టపడ్డాడో చెప్పాలి. అది న్యాయమే.

చైనా పాటలు అంటే చైనా దేశం పాటలే అనుకోవద్దు. తైవాన్, హాంకాంగ్, సింగపూర్, మలేషియా వాళ్లు కూడా ఆ భాషలో పాడతారు. నిజానికి మొదట్లో పేరు పొందిన వాళ్లలో తైవాన్ వాళ్లే ఎక్కువ. టెరిసా టెంగ్ అనే గాయని అక్కడామెనే. ఆమె 1995లో 42 ఏళ్లకే చనిపోయింది. ఆమె పాటలను ఒకప్పుడు చైనా సర్కారు వద్దంటే, జనం దొంగచాటుగా క్యాసెట్లలో విన్నారట. 2000లో మొదటి ఆల్బం వేసిన జే చౌ కూడా తైవాన్ వాడే. పాత కవిత్వం లాంటి మాటలకు కొత్త బాణీ కట్టి పాడడంలో ఆయన్ను మించినవాళ్లు తక్కువ అని నా అభిప్రాయం. 2007లో నీలం పూల పింగాణీ పాత్ర మీద ఒక పాట పాడాడు. ఒక కుండ మీద ప్రేమ పాటా అని నవ్వొద్దు. విన్నాక మాట్లాడండి.

ఇక ఆ భాష సంగతి. అందులో ఒకే మాటను నాలుగు రకాలుగా పలుకుతారు. "మా" అని ఒక తీరున అంటే అమ్మ, ఇంకో తీరున అంటే గుర్రం, ఇంకో తీరున అంటే తిట్టడం! మరి పాటలో రాగం ప్రకారం గొంతు పైకీ కిందికీ పోతుంది కదా, అమ్మ గుర్రం అయిపోదా? అందుకనే అక్కడి వీడియోల్లో పాట మాటలు కింద అక్షరాల్లో వేస్తారు. ఇంకో కారణం కూడా ఉంది. అంత పెద్ద దేశంలో ఒక ప్రాంతం మాట ఇంకో ప్రాంతం వాళ్లకు తెలియదు. కానీ రాసింది మాత్రం అందరూ చదువుకోగలరు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనితో నాకు పని ఉంది.

ఇష్టమని చెప్పి అంతా పొగడను. నచ్చనివీ ఉన్నాయి. కొత్తగా వచ్చే చాలా వీడియోల్లో హీరోలంతా ఒక్క అచ్చులో పోసినట్టు ఉంటారు. అదే తెల్లటి పౌడరు, అదే జుట్టు, అదే ఏడుపు. పేరు మారుస్తే ఎవరు ఎవరో తెలియదు. 2021లో అయితే మరీ ఘోరం జరిగింది. పాటగాళ్లను ఎంపిక చేసే ఒక టీవీ పోటీలో, పాల సీసా మూత లోపల ఉన్న కోడ్‌తో ఓటు వేయాలని పెట్టారు. అభిమానులు పెట్టెలకు పెట్టెలు కొని, మూతలు తీసుకుని, పాలను కాలువలో పారబోయించారు! ఆ వీడియో బయటికి వచ్చాక పోటీ ఆపేశారు. ఆ సంవత్సరమే అలాంటి పోటీలన్నీ బంద్ చేయమని సర్కారు ఆర్డర్ వేసింది. గ్లాసు పట్టుకుని లైన్లో నిలబడే మనకు ఆ పాల విలువ తెలుసు. అయితే వాళ్లను చూసి మనం నవ్వడానికి లేదు. కటౌట్‌కు పాలాభిషేకం చేసేది మనోళ్లే కదా! అభిమానం అంటే పాట వినడం, నేర్చుకోవడం, నలుగురికి వినిపించడం. పాలు పారబోసుడు అభిమానం కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నాకు బాగా నచ్చిన కొత్త పాట 2023 జులైలో వచ్చింది. పాడింది డావో లాంగ్ అనే ఆయన. ఇరవై ఏళ్ల కిందట 2004లోనే ఆయన పాటలు ఊరూరా మోగాయి. పట్నం సంగీతకారులు కొందరు అవి పల్లెటూరి పాటలని చులకన చేశారు. చాలా ఏళ్ల తర్వాత ఆయన వేరు వేరు ప్రాంతాల జానపద బాణీలు తీసుకుని ఒక ఆల్బం చేశాడు. అందులోని "లువోచా హైషి" అనే పాటను కోట్ల మంది విన్నారు. లువోచా అంటే ఏమిటో తెలుసా? మన "రాక్షస" మాటే! బౌద్ధ గ్రంథాలతో పాటు ఇక్కడి నుంచి అక్కడికి పోయి అలా మారింది. అంటే రాక్షసుల దేశం, సముద్రం అంగడి అని ఆ పాట పేరుకు అర్థం.

ఆ పేరు పూ సుంగ్‌లింగ్ అనే రచయిత మూడు వందల ఏళ్ల కిందట రాసిన కథది. ఒక అందమైన వర్తకుడి ఓడ తుఫానుకు కొట్టుకుపోయి రాక్షసుల దేశం చేరుతుంది. అక్కడ అంతా తలకిందులు. ఎంత వికారంగా ఉంటే అంత పెద్ద ఉద్యోగం. ఇతన్ని చూసి జనం దయ్యం అనుకుని ఉరుకుతారు. ఒకరోజు తాగిన మత్తులో ఇతను ముఖానికి బొగ్గు మసి పూసుకుని ఆడితే, "అబ్బ, ఎంత అందగాడివయ్యావు! ఇట్లనే పోయి మంత్రిని కలువు" అని ఇంటాయన బలవంతం చేస్తాడు. ఆటకు పూసుకున్నాను గానీ గొప్ప కోసం ముఖం మార్చుకోవడమా అని ఇతను ముందు వెనకాడతాడు. తర్వాత ఒప్పుకుంటాడు. మసి ముఖంతో రాజు దగ్గర ఉద్యోగం కూడా దొరుకుతుంది. కొన్నాళ్లకు అది అసలు ముఖం కాదని తోటి వాళ్లకు అనుమానం వస్తుంది. చెవులు కొరుక్కుంటారు, కలవనివ్వరు. చివరికి ఇతను ఒంటరివాడవుతాడు.

మసి పూసి మారేడుకాయ చేయడం అని మన దగ్గర సామెత ఉంది. ఈ కథ చదివాక నాకు మన హాస్టలే గుర్తుకొచ్చింది. ఎందుకో చెబుతాను. కోపం చేయకండి.

ఇక్కడ మనం లంబాడీలం ఉన్నాం, కోయలం ఉన్నాం, గోండులం ఉన్నాం, కొలాం, చెంచు, ఎరుకల అన్నదమ్ములు ఉన్నారు. ఇంటి దగ్గర అమ్మతో ఒక భాష మాట్లాడతాం. హాస్టల్ గేటు దాటంగనే ఆ భాషను ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేస్తాం. వార్షికోత్సవంలో ఎన్ని ఐటమ్స్ ఉన్నా అన్నీ సినిమా పాటలే. ఎవరన్నా తీజ్ పాటో, రేలా పాటో ఎత్తుకుంటే వెనక బెంచీ నుంచి కిసకిస నవ్వుతారు. నవ్వేది బయటోళ్లు కాదు, మనమే! ఇది మసి పూసుకోవడం కాకపోతే ఏమిటి?

మన మాదిరి వాళ్లు తైవాన్‌లో ఏం చేశారో చూడండి. ఆ ద్వీపంలో సర్కారు గుర్తించిన ఆదివాసీ తెగలు 16. అందరూ కలిసినా జనాభాలో నూటికి ఇద్దరు ముగ్గురే. అయినా 1996లో మొదటి ఆల్బంతో వచ్చి చైనా భాష పాటల్లో మహారాణి లాగా నిలబడిన అమెయ్ పుయుమా తెగ ఆడబిడ్డ. 2009లో ఆమె తన తెగ పేరు "అమిత్" పెట్టుకుని ఒక ఆల్బం వేసింది. అప్పటికే ఆమె పెద్ద స్టార్. కొత్త పేరు అవసరం లేదు. అయినా అమ్మానాన్నలు పిలిచే పేరును అట్ట మీదకు తెచ్చింది.

ఆమెకంటే నాకు ఇంకా ఇష్టమైనది అబావ్. ఈమె పైవాన్ తెగ. నర్సు చదువు చదివింది. మొదట చైనా భాషలోనే పాడింది. తర్వాత అమ్మ దగ్గర తన భాష మళ్లీ నేర్చుకుని, 2019లో పూర్తిగా పైవాన్ భాషలో ఒక ఆల్బం చేసింది. దాని పేరుకు "తల్లి నాలుక" అని అర్థం. పాత పాటల లాగా కాదు, దుమ్ములేపే కొత్త ఎలక్ట్రానిక్ బీట్‌తో చేసింది. 2020లో అక్కడి పెద్ద పురస్కారమైన గోల్డెన్ మెలడీ అవార్డుల్లో ఆదివాసీ భాషల విభాగంలో బహుమతి వచ్చింది. అంతే అయితే విశేషం లేదు. అన్ని భాషల వాళ్లతో పోటీపడి ఆ ఏటి ఉత్తమ ఆల్బం, ఉత్తమ పాట కూడా ఆమెకే వచ్చాయి! విన్న వాళ్లలో చాలా మందికి పైవాన్ భాష ఒక్క ముక్క రాదు. నాకూ రాదు.

ఇంకొక సంగతి కూడా తెలియాలి. ఆమిస్ తెగకు చెందిన డిఫాంగ్ అనే ముసలాయన, ఆయన భార్య 1988లో ప్యారిస్‌కు పోయి తమ తెగ పాట పాడారు. అక్కడ రికార్డు చేసిన ఆ గొంతును ఎనిగ్మా అనే బృందం 1993లో తన పాటలో కలుపుకుంది. అది ప్రపంచమంతా మోగింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ప్రచారంలో కూడా వాడారు. పాడినాయన పేరు మాత్రం ఎక్కడా లేదు. ఆయన కోర్టుకు పోయాడు. 1999లో రాజీ కుదిరింది. పాట కింద పేరు రాసుకోకపోతే పాట ఎవరిదో లోకానికి తెలియదు.

మనకు పాటలు లేవా? కోయ డోలు మీద సమ్మక్క సారలమ్మల కథ పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. గుస్సాడీ ఆటకు పేరు తెచ్చిన మార్లవాయి కనకరాజు గారికి 2021లో ఇచ్చారు. ఇద్దరూ 2024లో కన్నుమూశారు. బంజారా తండాలో పుట్టిన మంగ్లీ పాటలు ఈరోజు ప్రతి ఊళ్లో మోగుతున్నాయి. మేడారం జాతర వస్తే మన అన్నోజిగూడ ముందున్న వరంగల్ రోడ్డంతా జాతర బండ్లే. 2011 లెక్కల ప్రకారం తెలంగాణలో మనం నూటికి తొమ్మిది మందిమి, దాదాపు 32 లక్షలు. నూటికి ఇద్దరు ముగ్గురున్న వాళ్లు సిగ్గుపడలేదు, మనకెందుకు సిగ్గు?

రెండు అభ్యంతరాలు వస్తాయని నాకు తెలుసు.

మొదటిది: "చైనా వాళ్లు మన శత్రువులు, వాళ్ల పాటలేంది?" 2020 జూన్‌లో గల్వాన్ లోయలో అమరుడైన కల్నల్ సంతోష్ బాబు గారిది మన సూర్యాపేట. ఆయనకు చేతులెత్తి మొక్కుతాను. కానీ సరిహద్దులో గొడవ చేసింది పాటగాళ్లు కాదు. పైగా చైనా సర్కారు కోపానికి పాటగాళ్లే బలైన సందర్భాలున్నాయి. 2000 మేలో తైవాన్ కొత్త అధ్యక్షుడి ప్రమాణ స్వీకారంలో జాతీయ గీతం పాడిందని అమెయ్ పాటలను చైనాలో కొంతకాలం ఆపేశారు. సర్కారు వేరు, పాట వేరు.

రెండోది పెద్దలు అనేది: "పరీక్షలు తెలుగు, ఇంగ్లీషుల్లో రాయాలి. ఇంటి భాష పాటలతో మార్కులు వస్తాయా?" రావు సార్. తెలుగు బాగా నేర్చుకోవాలి, ఇంగ్లీషు ఇంకా బాగా నేర్చుకోవాలి. ఈ వ్యాసం నేను తెలుగులోనే రాస్తున్నాను కదా! కానీ రెండు భాషలు నేర్చుకోవడానికి మూడోదాన్ని మరిచిపోవాలని ఏ పుస్తకంలోనూ లేదు. ముఖానికి మసి ఉన్నంతసేపూ ఎవరైనా గుర్తుపడతారేమో అన్న భయం ఉంటుంది. భయపడేవాడు క్లాసులో లేచి ప్రశ్న అడగడు.

కాబట్టి నా మనవి ఇది. శనివారం సాయంత్రం మనకు దొరికే పాటల గంటలో ఒక్క పది నిమిషాలు ఇంటి భాష పాటకు ఇవ్వాలి. ఒక వారం గోండీ, ఒక వారం కోయ, ఒక వారం లంబాడీ, ఇట్ల వంతుల ప్రకారం. పాడేవాడు చైనా వీడియోల తీరుగా పాట మాటలను తెలుగు అక్షరాల్లో చార్టు మీద రాసి, కింద అర్థం రాయాలి. అప్పుడు కోయ పాట లంబాడీ వాడికీ తెలుస్తుంది. గోండీకి సొంత అక్షరాలే ఉన్నాయి. ఆదిలాబాద్ గుంజాలలో దొరికిన ఆ లిపిని 2018లో కంప్యూటర్ అక్షరాల యూనికోడ్‌లో కూడా చేర్చారు. వచ్చినవాళ్లు ఆ లిపిలోనే రాయవచ్చు. చార్టు అడుగున ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ ఊరో తప్పకుండా రాయాలి. అమ్మమ్మ పేరైనా సరే. డిఫాంగ్ తాతకు జరిగింది మన వాళ్లకు జరగకూడదు.

సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక్కొక్కరు ఒక్క పాట రాసుకుని రండి. రాగం మరిచిపోకుండా దారిలో పాడుకుంటూ రండి. బస్సులో ఎవరన్నా చూసి నవ్వితే నవ్వనీయండి.

చార్టులు, స్కెచ్ పెన్నులు ఇప్పించమని వార్డెన్ సార్‌ను వినయంగా కోరుతున్నాను. నా అభిప్రాయం నచ్చనివాళ్లు వచ్చే సంచికకు జవాబు రాయండి. ఈ కాగితం మీద మాత్రం పెన్నుతో గీకకండి.

ఇట్లు,
పదో తరగతి విద్యార్థి