సిపాయి వెంట నడిచిన ఇల్లు

హిందీ నిఘంటువులో 'తిలంగా' అనే మాట చూడండి. సిపాయి అని అర్థం ఉంటుంది. ఈస్టిండియా కంపెనీ దక్షిణాదిన చేర్చుకున్న సిపాయిల్లో తెలుగువారు చాలామంది ఉండటంతో, ఆ పేరు ఉత్తరాదిలో సిపాయిలందరికీ స్థిరపడింది.

మన పాఠాల్లో ఆ సిపాయి తిరగబడినప్పుడే కనిపిస్తాడు: 1806లో వేలూరులో తలపాగా దగ్గర, 1857లో తూటాల దగ్గర. మిగతా రోజుల్లో ఎలా బతికాడో ఎవరూ చెప్పరు. జీతం నెలకు 7 రూపాయలు. బెంగాల్ సిపాయి భార్యాబిడ్డల్ని ఊళ్లోనే ఉంచి వెళ్లేవాడు. మద్రాసు సిపాయి మాత్రం వెంటబెట్టుకుని వెళ్లేవాడు. పటాలానికి నాగపూర్ పక్కనున్న కాంప్టీకి బదిలీ అయిందంటే పసిపిల్లలు, ముసలి తల్లి, వంటగిన్నెలు అన్నీ వందల మైళ్లు కదలాల్సిందే. రైళ్లు లేని కాలం అది! ప్యాకర్లను పిలిచి కూడా విసుక్కునే నాకు ఆ ఇల్లాలి ఓర్పు ఊహకు అందదు. 1824లో బర్మా యుద్ధానికి ఓడ ఎక్కాల్సి వచ్చినప్పుడు, భర్త తిరిగొచ్చేదాకా ఆమెకు ఎదురుచూపే. సిపాయిల కొడుకులు కొందరిని చిన్నప్పుడే కొద్దిపాటి జీతం మీద పటాలం పట్టీలోకి ఎక్కించేవారు. ఆ కుర్రాళ్లకు సొంత ఊరంటే ఏది?

ఎనిమిదో తరగతి చరిత్రలో ఈ కుటుంబానికి ఒక పేజీ ఉండాలంటాను. 1963లో మన కేంద్రీయ విద్యాలయాలు మొదలైంది కూడా పటాలాల బడులతోనే. టీసీ పట్టుకుని ఏడాది మధ్యలో వచ్చి చేరే మన పిల్లలు ఎక్కువ ప్రశ్నలు వేసేది ఆ పేజీ మీదే.