జరిమానా ఖజానాకు, మరి మా డబ్బు?

తెలంగాణ రెరా చైర్మన్ గారికి,

ఒక ఆదివారం పొద్దున్న సర్కారు బండి వదిలేసి, మామూలు కారులో కుటుంబంతో కొల్లూరు వైపో తెల్లాపూర్ వైపో వెళ్లి రండి. ఔటర్ రింగ్ రోడ్డు దిగగానే గొడుగుల కింద బ్రోచర్లు పట్టుకున్న కుర్రాళ్లు మీ కారు ఆపుతారు. "సార్, ప్రీ లాంచ్ రేటు. ఇవాళ ఒక్కరోజే. రేపట్నుంచి ఎస్ఎఫ్‌టీకి ఎనిమిది వందలు పెరుగుతోంది" అంటారు. రెరా నంబరు ఏదయ్యా అంటే "ప్రాసెస్‌లో ఉంది సార్". హెచ్‌ఎండీఏ అనుమతి? అదీ ప్రాసెస్‌లోనే. టేబుల్ మీది నమూనాలో మాత్రం టవర్లు లేచిపోయి ఉంటాయి. ఈతకొలనులో నీళ్లు కూడా నీలంగా మెరుస్తుంటాయి.

2016 రెరా చట్టం మూడో సెక్షన్ ప్రకారం, రిజిస్టర్ చేయాల్సిన ప్రాజెక్టుకు రిజిస్ట్రేషన్ కాకముందు అమ్మకం సంగతి అటుంచి, ప్రకటన కూడా ఇవ్వకూడదు. పదమూడో సెక్షన్ ప్రకారం అగ్రిమెంట్ రిజిస్టర్ కాకముందు 10 శాతానికి మించి తీసుకోకూడదు. కొనేవాళ్లు కట్టిన దాంట్లో 70 శాతం విడిగా ఒక ఖాతాలో ఉండాలి. గొడుగు కింద కుర్రాడు అడిగేది వంద శాతం, అదీ ముందే. మొత్తం కట్టేస్తే సగం ధరకే ఫ్లాట్ అంటాడు.

ఆశపడి కట్టినవాళ్లదే తప్పని తేల్చేయడం తేలిక. కానీ 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్లు పలికింది. ఆ వేలం వేసింది హెచ్‌ఎండీఏ, అంటే ప్రభుత్వమే. మర్నాటి నుంచి చుట్టుపక్కల ప్రతి బిల్డరూ ఆ అంకెనే చెప్పాడు. నెల జీతంతో బతికేవాడికి ఇవాళ కాకపోతే ఇంకెప్పుడూ కొనలేమన్న భయం పుట్టింది. డాలస్‌లో ఉన్నవాళ్లకైతే ఆ భయాన్ని అర్ధరాత్రి జూమ్ కాల్‌లో అమ్ముతున్నారు.

మా పెదనాన్న కొడుకు అలాగే కట్టాడు. అనుమతులు లేని ప్రాజెక్టుకు బ్యాంకు అప్పివ్వనంది. అదే పెద్ద హెచ్చరిక. కానీ మావాడికి ఇంట్లోవాళ్లు చెప్పిన అర్థం వేరు: "బ్యాంకు గొడవే లేదు, ఈఎంఐ ఉండదు". ఊళ్లో పొలం అమ్మారు, వదిన గాజులు పోయాయి. చేతికొచ్చింది వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఒక ఎంఓయూ. దానికి లామినేషన్ చేయించి బీరువాలో పెట్టుకున్నాడు. ఆ స్థలంలో ఇప్పటికీ కంపచెట్లే ఉన్నాయి. సంస్థ ఆఫీసుకు వెళ్తే ప్రతిసారీ కొత్త మేనేజరు కనిపిస్తాడు.

ఇక మీ సంగతి. రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మితే ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా జరిమానా వేయొచ్చు. వేసినప్పుడు పేపర్లో పెద్దక్షరాలతో వస్తుంది, చదివి సంతోషిస్తాం. కానీ ఆ సొమ్ము వెళ్లేది సర్కారు ఖాతాకు. పొలం అమ్ముకున్నవాడికి దాంట్లో పైసా రాదు. వడ్డీతో తిరిగివ్వమని మీరు ఉత్తర్వు ఇచ్చినా, బిల్డరు కట్టకపోతే భూమిశిస్తు బకాయిలా వసూలు చేయాలి. అంటే ఫైలు రెవెన్యూ వాళ్ల బల్ల మీదికి చేరాలి. రెవెన్యూ బల్లల గురించి మీకు నేను చెప్పాలా?

అందుకే డబ్బు చేతులు మారకముందే అడ్డుపడమని అడుగుతున్నాను. ఫిర్యాదు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ముప్పై ఐదో సెక్షన్ కింద మీ అంతట మీరే వివరణ అడగవచ్చు, విచారణ చేయించవచ్చు. ముప్పై ఆరో సెక్షన్ కింద అమ్మకాలు ఆపమని మధ్యంతర ఉత్తర్వు ఇవ్వొచ్చు. ఆదివారం గొడుగు కనిపిస్తే సోమవారం నోటీసు వెళ్లాలి. ఆ నోటీసు తెలుగులో, ఆ గొడుగు నిలబడ్డ రోడ్డు పక్కనే బోర్డుగా కనిపించాలి.

ఇంకొకటి. వాపసు ఇవ్వమని మీరిచ్చిన ప్రతి ఉత్తర్వు పక్కన, ఎంత వసూలైంది, ఎంత మిగిలింది, ఫైలు ఏ కలెక్టరేట్‌లో ఉందన్నది మీ వెబ్‌సైట్‌లో నెలనెలా పెట్టండి. బాకీపడ్డ బిల్డరు ఇంకో పేరుతో కొత్త ప్రాజెక్టు రిజిస్ట్రేషన్‌కు వస్తే, ముందు ఆ పట్టిక తెరిచి చూడండి.

ఇట్లు,
ఇంకా అద్దె ఇంట్లోనే ఉన్న ఒక హైదరాబాదీ