ఆకు తిననిస్తేనే సీతాకోకచిలుక



మన ప్రాంతం పేరు చెప్పగానే చాలామందికి ఇప్పటికీ గుర్తొచ్చేది మార్కాపురం పలక. మీలో ఎంతోమంది దాని మీదే అక్షరాలు దిద్దుకున్నారు. ఇప్పుడు పిల్లల చేతుల్లో పలక పోయి ఫోను వచ్చింది. పొద్దున దాన్ని లాక్కుంటాం, రాత్రి అన్నం తినిపించడానికి మళ్లీ మనమే ఇస్తాం. లాక్కోవడం కన్నా దానితో ఒక పని చేయించడం మేలని నా అభిప్రాయం. ఆ పని పెరట్లోనే ఉంది. సీతాకోకచిలుకల్ని, తేనెటీగల్ని ఫోటో తీయడం.

స్కూల్లో పరాగసంపర్కం మీద ప్రాజెక్టు ఇస్తే మన ఇళ్లలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. అమ్మ ఇంటర్నెట్‌లో బొమ్మ వెతుకుతుంది, నాన్న జిరాక్స్ షాపులో కలర్ ప్రింటు తీయిస్తాడు, పిల్లవాడు జిగురు రాసి అంటిస్తాడు. మార్కులు వస్తాయి. ఒక్కోసారి ఆ బొమ్మలో ఉండేది ఉత్తర అమెరికాలో తిరిగే మోనార్క్ సీతాకోకచిలుక. దాని దగ్గరి చుట్టం ప్లెయిన్ టైగర్ మాత్రం పెద్దారవీడులో ఏ రోడ్డు పక్క జిల్లేడు పొద మీదనైనా కనిపించగలదు. అంటించిన బొమ్మకు మార్కులు పడతాయి గానీ, పిల్లవాడు చూసిందంటూ ఏమీ ఉండదు.

మీ ఇంట్లో కరివేపాకు మొక్కో, నిమ్మ చెట్టో ఉందా? అయితే సగం పని అయినట్టే. నిమ్మ సీతాకోకచిలుక లేత ఆకుల మీద ఒక్కొక్కటిగా గుడ్లు పెడుతుంది. అందులోంచి వచ్చే పురుగు మొదట్లో అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, పక్షులు పట్టించుకోవు. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారి ఆకులో కలిసిపోతుంది. పుల్లతో కదిపితే తల వెనక నుంచి చీలిన కొమ్ములాంటిది బయటికి పెట్టి ఘాటైన వాసన వదులుతుంది. ఆ తర్వాత కొమ్మకు గూడులా అతుక్కుంటుంది, కొన్నాళ్లకు రెక్కలతో బయటికి వస్తుంది. వెచ్చని రోజుల్లో ఇదంతా సుమారు నెల రోజుల్లోనే ముగుస్తుంది.

చిక్కు ఇక్కడే ఉంది. ఆకులు తింటున్న పురుగు కనబడగానే మనం చేసే మొదటి పని దాన్ని నలిపేయడం, లేదా మందు కొట్టడం. పిల్లలకేమో సీతాకోకచిలుక కావాలి. పురుగును చంపేసి సీతాకోకచిలుక రాలేదని ఎదురుచూస్తే ఎలా? బత్తాయి, నిమ్మ నర్సరీ వేసిన రైతుకు ఈ పురుగుతో నిజంగానే నష్టం ఉంటుంది, ఆ లెక్క వేరు. మనింటి కరివేపాకుకు నాలుగు రెమ్మలు పోతే వచ్చే నష్టమేమీ లేదు.

అందుకే రెక్కలు విప్పిన సీతాకోకచిలుక ఫోటో ఒక్కటే గొప్పదని పిల్లలకు చెప్పకండి. గుడ్డును, పురుగును, చిల్లులు పడ్డ ఆకును కూడా తీయనివ్వండి. 1647లో పుట్టిన మరియా సిబిల్లా మేరియన్ పదమూడేళ్ల వయసులో పట్టుపురుగుల్ని పెంచుతూ వాటి మార్పులు గమనించింది. పెద్దయ్యాక సురినామ్ వెళ్లి, పురుగుల్ని మొక్కలతో కలిపి బొమ్మలు గీసింది. 1705లో ఆ పుస్తకం ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయింది. ఆమె కుంచెతో చేసిన పని మన పిల్లలు ఫోనుతో చేయగలరు.

ఎలా తీయాలో కొంచెం చెబుతాను. పొద్దున్నే సీతాకోకచిలుకలు ఒళ్లు వెచ్చబడడానికి రెక్కలు చాపి ఎండలో కూర్చుంటాయి, అప్పుడు తీయడం తేలిక. నీడ దాని మీద పడకుండా, పువ్వు ఎత్తుకు కూర్చుని, మెల్లగా దగ్గరికి జరగాలి. రెక్కల పైభాగమే కాదు, అడుగుభాగం కూడా తీస్తే దాని పేరు కనుక్కోవడం సులువు. తేనెటీగ వెంట పరుగెత్తితే దొరకదు. తులసి పూల దగ్గరో, బంతి పూల దగ్గరో కదలకుండా కూర్చుంటే అదే వస్తుంది. ఫోటో పెద్దది చేసి చూస్తే వెనక కాళ్లకు అంటిన పుప్పొడి ముద్దలు కనిపిస్తాయి. మునగ చెట్టు పూసినప్పుడు నల్ల తుమ్మెదల కోసం చూడమనండి. మనం సాంబారులో వేసుకునే మునగకాయల వెనక వాటి కష్టం ఉంది.

కుడతాయేమోనని మీ భయం. పూల మీద తిరిగే తేనెటీగ తన పనిలో తానుంటుంది. పట్టుకున్నా, నలిపినా తప్ప సాధారణంగా కుట్టదు. తేనెపట్టు సంగతి వేరు. దాని దగ్గరికి పిల్లల్ని వెళ్లనివ్వకండి, రాయి విసరనివ్వకండి. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం, కాబట్టి ఆ పొద దగ్గర చూడడమే, ఆకు తుంచకూడదు. చిన్నపిల్లలైతే పక్కన ఒక పెద్దవాళ్లు ఉండాలి.

నీళ్లకే ఇబ్బంది పడే మన ప్రాంతంలో తోటలెక్కడివి అంటారేమో. కరివేపాకు, తులసి, బంతి నాలుగు కుండీల్లో పెరుగుతాయి. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు వాటికి పోయవచ్చు.

ఇక మార్కుల మాట. పదిహేను నిమిషాలు ఒకచోట కదలకుండా కూర్చుని, ఒకే మొక్కను రోజూ చూసి, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చెప్పగలిగిన పిల్లకు సైన్సు పాఠం బట్టీ పట్టాల్సిన పని తగ్గుతుంది. ఇది కూడా చదువే. దీన్ని ఇంకో పోటీగా మార్చి పక్కింటి పిల్లల ఫోటోలతో పోల్చకండి.

మా టీచర్లకూ ఒక మాట. డౌన్‌లోడ్ చేసిన అందమైన బొమ్మ కన్నా పిల్ల సొంతంగా తీసిన మసక ఫోటోకే ఎక్కువ విలువ ఇద్దాం. అప్పుడే ఇళ్లలో పద్ధతి మారుతుంది.

తల్లిదండ్రులుగా మీరు చేయాల్సింది చిన్నదే. ఇంట్లో ఒక్క మొక్కను ఎంచుకోండి. నెల రోజులు దానికి మందు కొట్టకండి, పురుగును దులపకండి. రోజూ పొద్దున పది నిమిషాలు ఫోను పిల్లల చేతికిచ్చి, ఆ మొక్క దగ్గరికి పంపండి. సాయంత్రం ఆ ఫోటోలు చూపించమని అడిగి, మీరూ పక్కన కూర్చుని చూడండి.